కృత్రిమ రీఫ్ కడితే చేపలు పెరుగుతాయా, ఉన్న చేపలే ఒకచోటికి చేరతాయా?

పడవలలెక్క

అందరికీ నమస్కారం. చిన్న పడవల మీద వేట చేసేవారి సంఘం ఒకదానికి నేను జమాఖర్చులు రాస్తుంటాను. స్వయంగా వేటకు వెళ్లేవాణ్ణి కాను కనుక నా ప్రశ్నలో ఎక్కడైనా తెలియనితనం కనబడితే మన్నించండి. మా పుస్తకాల్లో మాత్రం ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. పదేళ్ల కిందట ఒక పడవ ఒక పూటలో తెచ్చిన చేపను ఇప్పుడు రెండు పూటలు తిరిగినా తేలేకపోతోంది. అందులోనూ రాళ్ల దగ్గర గాలానికి పడే పెద్ద చేపలు ఏడాది మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేటంతగా తగ్గిపోయాయి.

ఈ పరిస్థితిలో మా కుర్రవాళ్లు కొందరు గత సమావేశంలో ఒక ప్రతిపాదన తెచ్చారు. ఒడ్డుకు కొంత దూరంలో, ఇసుక తప్ప మరేమీ లేని చోట, సిమెంటు దిమ్మెలు దించి మనమే ఒక కృత్రిమ రీఫ్, అంటే చేపలు ఆశ్రయించే రాతి దిబ్బ లాంటిది, కట్టుకుంటే రెండు మూడేళ్లలో చేప తిరిగి వస్తుందని వారి ఆశ. శ్రమదానానికి మనుషులున్నారు, దిమ్మెలు తీసుకెళ్లడానికి పడవలున్నాయి. ఒకాయన పాత టైర్లు ఎన్ని కావాలంటే అన్ని ఊరికే ఇస్తానన్నారు. మరొకరు, మూలపడిన ఇనుప పడవను అక్కడే ముంచేస్తే సగం పని అయిపోతుందన్నారు. ఉత్సాహం అలా పెరుగుతూ ఉండగా, జీవితమంతా వేటలోనే గడిపిన ఒక పెద్దాయన నెమ్మదిగా, "దిమ్మె గుడ్లు పెడుతుందా నాయనా?" అని అడిగారు. ఎక్కడెక్కడో తిరిగే చేప ఆ నీడకు చేరుతుందని, చేరినదాన్ని మనం సులువుగా పట్టేస్తామని, ఆ తర్వాత దిమ్మెలే మిగులుతాయని ఆయన అభిప్రాయం. ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది.

అందుకే అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. రీఫ్ వల్ల చేప నిజంగా పెరుగుతుందా? ఏ సామగ్రితో, ఎలాంటి చోట కట్టాలి? కట్టాక అది పనిచేస్తోందో లేదో మాలాంటివారు తెలుసుకోవడం ఎలా? కట్టినవారు ఒకరు, పట్టుకునేవారు ఇంకొకరు అయితే ఏం చేయాలి?

ఉప్పునీరు

పడవలలెక్క గారూ, మీ పెద్దాయన అడిగిన ప్రశ్న మీద సముద్ర జీవశాస్త్రజ్ఞులు సుమారు నలభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. వారు దానిని "ఆకర్షణా, ఉత్పత్తా" అన్న వివాదంగా చెప్పుకుంటారు. మీ పెద్దాయన మాట అంతకంటే బాగుంది.

మొదట అందరూ ఒప్పుకొనే సంగతి చెబుతాను. చదునైన ఇసుక నేల మీద ఏ వస్తువు దించినా కొద్ది రోజుల్లోనే దాని చుట్టూ చేపలు కనబడతాయి. అవి అక్కడ పుట్టినవి కావు, పక్క నుంచి వచ్చినవి. పుట్టిన చేప గాలానికి పడేటంత పెరగడానికి జాతిని బట్టి ఒకటి రెండేళ్ల నుంచి చాలా ఏళ్ల దాకా పడుతుంది కనుక, మొదటి నెలల్లో మీ పడవలకు పడే చేప అంతా ఆకర్షణ ఖాతాలోదే. చాలా సంఘాలు ఆ మొదటి వేటను చూసి రీఫ్ ఫలించిందని పండుగ చేసుకుని, రెండో మూడో ఏట దిగాలు పడతాయి.

అయితే ఉత్పత్తి అసలే ఉండదనడమూ సరికాదు. రాళ్లను ఆశ్రయించుకుని బతికే చేపల్లో ఎక్కువ వాటి గుడ్లు పొదిగాక, పిల్లలు కొన్ని వారాలపాటు ప్రవాహంలో కొట్టుకుపోతూ పెరిగి, ఆ తర్వాత అడుగుకు దిగుతాయి. అలా దిగిన తొలి రోజుల్లోనే వాటిలో అధిక భాగం ఇతర చేపలకు ఆహారమైపోతాయి. దూరడానికి ఒక సందు దొరికిన పిల్ల బతుకుతుంది, దొరకనిది పోతుంది. మీ తీరంలో పిల్లలు పుష్కలంగా వస్తూ, వాటికి సందులే కరువైతే, మీరు కట్టే ప్రతి రంధ్రం కొత్త చేపను నిలబెడుతుంది. పిల్లలే రాకపోతే, అంటే గుడ్లు పెట్టే తల్లిచేపలే తరిగిపోయి ఉంటే, మీ రంధ్రాలు ఖాళీగా ఉంటాయి. గూళ్లు కట్టినంత మాత్రాన పిచ్చుకలు పుట్టవు కదా. కాబట్టి మీరు ముందుగా తేల్చుకోవలసింది, మీ దగ్గర కొరత గూళ్లదా, పిట్టలదా అన్నది.

జేమ్స్ బోన్‌సాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1989లో ఈ వివాదానికి ఒక దారి చూపించారు. ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు లేదని, అది చేపను బట్టి, చోటును బట్టి మారుతుందని ఆయన వాదించారు. సహజమైన రాళ్లు చాలా తక్కువగా ఉన్న చోట, వేట ఒత్తిడి తక్కువగా ఉన్న చోట, ఒకే రాతిని అంటిపెట్టుకుని తన హద్దులు తాను కాపాడుకునే చేపల విషయంలో ఉత్పత్తి జరిగే అవకాశం ఎక్కువ. సహజ రాళ్లు సమృద్ధిగా ఉన్న చోట, వేట బలంగా సాగే చోట, దూరాలు తిరిగే చేపల విషయంలో రీఫ్ చేసేది ఎక్కువగా పోగుచేయడమే. దీన్ని బట్టి కవ్వళ్లు, కానాగంతలు వంటి గుంపు చేపలు తగ్గాయన్నది మీ బాధ అయితే దిమ్మెల వల్ల వాటి సంఖ్య పెరగదు. గ్రూపర్ల వంటి రాతి చేపలైతే కొంత ఆశ ఉంది.

ఆహారం సంగతీ చెప్పాలి. రీఫ్ మీద పట్టే నాచు, గుల్లలు, పురుగులు కొన్ని చేపలకు మేత అవుతాయి. వాటితో పాటు చిన్న చేపలు రీఫ్‌ను నీడగా వాడుకుంటూ ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లవకాలను, అంటే నీటిలో తేలే చిన్న చిన్న జీవులను, తింటాయి. ఆ చిన్న చేపలను పెద్దవి తింటాయి. అంటే ప్రవాహం మోసుకొచ్చే మేతను నిలబెట్టి మాంసంగా మార్చే పని రీఫ్ చేయగలదు. కాలిఫోర్నియా తీరంలో సముద్రం నుంచి చమురు తీయడానికి కట్టిన వేదికల మీద 2014లో వెలువడిన ఒక అధ్యయనం, అడుగునేల వైశాల్యం లెక్కన చూస్తే, అప్పటివరకు కొలిచిన సముద్ర ఆవాసాలన్నింటికంటే ఆ వేదికల కింద చేపల ఉత్పత్తి ఎక్కువని తేల్చింది. అవి అడుగు నుంచి ఉపరితలం దాకా లేచిన కట్టడాలు, పిల్లలు దిగడానికి అన్ని లోతుల్లోనూ చోటిచ్చేవి. మీరు దించబోయే నడుము ఎత్తు దిమ్మెలకు ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు. అయినా ఉత్పత్తి అసాధ్యం కాదనడానికి అది గట్టి రుజువు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది, రీఫ్ మీద చేరిన పెద్ద చేపను ఏం చేస్తారన్నది. 61 సెంటీమీటర్ల ఒక ఆడ రెడ్ స్నాపర్, 42 సెంటీమీటర్ల ఆడచేపలు 212 కలిసి పెట్టేటన్ని గుడ్లు పెడుతుందని లెక్కగట్టారు. పొడవు ఒకటిన్నర రెట్లు కూడా కాదు, గుడ్లు మాత్రం రెండు వందల రెట్లు. చెల్లాచెదురుగా ఉన్న అటువంటి తల్లిచేపలన్నింటినీ ఒక చోటికి పిలిచి, ఆ చోటు అందరికీ చెప్పి, వేట తెరిచారంటే, రీఫ్ లేనప్పటి కంటే నష్టమే ఎక్కువ. దిమ్మె గుడ్లు పెట్టదు, నిజమే. గుడ్లు పెట్టేదాన్ని అది కాపాడగలదు, పట్టించనూ గలదు.

అచ్చుపోత

నేను కాంక్రీటు పని చేసేవాణ్ణి. తీర రక్షణ కట్టడాలకు, రెండు మూడు రీఫ్ పనులకు దిమ్మెలు పోయించాను. చేపల సంగతి ఉప్పునీరు గారికి వదిలి, సామగ్రి గురించి మాత్రమే రాస్తాను.

టైర్లు ఇస్తానన్న పెద్దమనిషికి దండం పెట్టి, వద్దని చెప్పండి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఫోర్ట్ లాడర్‌డేల్ తీరంలో 1972లో ఇటువంటి సదుద్దేశంతోనే 20 లక్షలకు పైగా పాత టైర్లను కట్టలుగా కట్టి, సుమారు 20 మీటర్ల లోతున దించారు. దానికి ఆస్బర్న్ రీఫ్ అని పేరు. కట్టలకు వాడిన ఉక్కు క్లిప్పులు ఉప్పునీటికి తుప్పు పట్టి ఊడాయి, టైర్లు విడిపోయాయి, ప్రతి తుపానుకూ అవి దొర్లుకుంటూ వెళ్లి పక్కనున్న సహజమైన పగడపు దిబ్బలను దెబ్బతీశాయి. 2007 నుంచి సైనిక గజ ఈతగాళ్లను కూడా రప్పించి పైకి తీయించడం మొదలుపెట్టారు. దించడానికి పట్టిన కాలం కంటే తీయడానికి ఎన్నో రెట్లు పట్టింది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో 1980 దశకంలో వేసిన టైర్లనూ 2015 నుంచి ఇలాగే తీయవలసి వచ్చింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. టైరు రబ్బరు నీటి కంటే కొద్దిగా మాత్రమే బరువైనది కనుక, మునిగాక దానికి నిలిచే బరువే ఉండదు. కాంక్రీటు అలా కాదు, అయినా అది కూడా నీటిలో తేలికవుతుందని మరచిపోకండి. గట్టు మీద ఒక టన్ను తూగే దిమ్మె ఉప్పునీటిలో సుమారు 570 కిలోలే తూగుతుంది. ఒడ్డున పదిమంది కదపలేని దిమ్మెను తుపాను అల దొర్లించగలగడానికి సగం కారణం ఇదే.

పాత పడవ ఆలోచన పూర్తిగా చెడ్డది కాదు, కానీ అనుకున్నంత చవక కాదు. ఇంధనం, నూనె, పాత రంగులు, తీగల పూతలు, ప్లాస్టిక్కు అన్నీ ఒలిచేశాకే ముంచాలి. 2006లో ఫ్లోరిడాలోని పెన్సకోలా దగ్గర ఒరిస్కనీ అనే విమానవాహక యుద్ధనౌకను రీఫ్‌గా ముంచినప్పుడు, తీగల పూతల్లో మిగిలిన విషపూరిత రసాయనాల మీద పెద్ద చర్చ నడిచింది, ఆ తర్వాత అక్కడి చేపలను పరీక్షిస్తూ ఉండవలసి వచ్చింది. పలుచని ఇనుప రేకు మరీ దండగ. అలబామాలో 1953లో 250 కార్ల బాడీలు దించి రీఫ్ పని మొదలుపెట్టారు. రేకు కొన్నేళ్లకే కరిగిపోతుంది కనుక మళ్లీ మళ్లీ దించాల్సిందే. సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని అదుపు చేసే లండన్ డంపింగ్ ఒప్పందం కింద, ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థతో కలిసి 2009లో వెలువరించిన మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే: రీఫ్ పేరుతో చెత్తను సముద్రంలో పారబోయకూడదు, వాడే సామగ్రి నీటితో రసాయనికంగా కలవనిదై ఉండాలి.

కాంక్రీటుకే వద్దాం. పచ్చి కాంక్రీటు పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, పన్నెండున్నర దాకా ఉంటుంది, సముద్రపు నీటిది సుమారు 8.1. ఆ కొలమానంలో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు కనుక, పచ్చి దిమ్మె ఉపరితలం సముద్రం కంటే పదివేల రెట్లకు పైగా క్షారంగా ఉంటుంది. దాని మీద మృదువైన జీవులు నిలవవు. మామూలుగా ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు కొట్టి, ఆ తర్వాత వీలైతే మరి కొన్ని వారాలు ఆరుబయట వానకు వదిలేయండి. సిమెంటులో కొంత భాగం బదులు ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నని బూడిద) గానీ సిలికా పొడి గానీ కలిపితే సున్నం తగ్గుతుంది, దిమ్మె గట్టిపడుతుంది కూడా. చిన్న దిమ్మెలకు ఇనుప చువ్వలు పెట్టకపోవడమే మేలు. ఉప్పునీరు లోపలికి చేరి చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. అచ్చు లోపలి వైపు నున్నగా ఉండాలని తాపత్రయపడకండి. మేస్త్రీలకు ఇది నచ్చజెప్పడం కష్టం, నాకు తెలుసు! గరుకుగా, గుంటలుగా ఉన్న గోడనే గుల్లలు పట్టుకుంటాయి. రంధ్రాలన్నీ ఒకే కొలతవి కాకుండా, వేలు పట్టేవి, పిడికిలి పట్టేవి, తల పట్టేవి కలిపి పెట్టండి. అన్నీ పెద్దవే అయితే వేటాడే చేపకు భోజనశాల కట్టించినట్టు అవుతుంది.

చోటు విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను. మెత్తని బురద మీద దించవద్దు, ఎంత బరువు దిమ్మె అయితే అంత త్వరగా కూరుకుపోతుంది. ఇసుకలోనూ ప్రవాహం దిమ్మె చుట్టూ ఇసుకను కోసేసి గుంట చేస్తుంది, దిమ్మె అందులోకి ఒరుగుతుంది. ఈతగాడు ఒక ఇనుప చువ్వను అడుగులోకి గుచ్చి చూసి, పలుచని ఇసుక కింద గట్టి నేల తగిలిన చోటును ఎంచుకోవాలి. సముద్రపు గడ్డి ఉన్న చోట, సహజమైన రాళ్ల మీద ఎట్టి పరిస్థితిలోనూ దించకూడదు. అనుమతి, నావికా పటాల్లో నమోదు ఎలాగూ తప్పవు. అవి లేకుండా దించితే మీ రీఫ్‌కు తగిలి దెబ్బతిన్న పడవ బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది.

ఒడ్డునే

నాకు మీ అందరి కంటే కొంచెం నిష్ఠురమైన అభిప్రాయం ఉంది, క్షమించండి. సిమెంటుకు పెట్టే శ్రమలో సగం నియమానికి పెడితే ఈ రీఫ్ అవసరమే ఉండకపోవచ్చు.

ఫిలిప్పీన్స్‌లోని అపో ద్వీపవాసులు సిల్లిమాన్ విశ్వవిద్యాలయం వారి సాయంతో 1982లో తమ పగడపు దిబ్బలో కొంత భాగంలో వేట పూర్తిగా మానేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ భాగంలో పెద్ద చేపలు పెరిగి, దానిని ఆనుకుని ఉన్న నీళ్లలో వేట మెరుగైంది. మెక్సికోలోని కాబో పుల్మో దగ్గర తరతరాలుగా వేట మీద బతికిన కుటుంబాలే పూనుకోగా 1995లో అది రక్షిత సముద్ర ప్రాంతమైంది. 1999, 2009 సంవత్సరాల్లో కొలిచి చూస్తే, అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. రెండు చోట్లా పెరుగుదలను తెచ్చింది కాంక్రీటు కాదు, వల వేయకపోవడం.

రీఫ్ కట్టడం కంటికి కనిపించే పని. ఫోటో దిగవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. వేట మానడం కంటికి కనిపించదు, కడుపుకు తెలుస్తుంది. అందుకే సంఘాలు మొదటిదాన్నే ఎంచుకుంటాయి.

పడవలలెక్క

ముగ్గురికీ కృతజ్ఞతలు. టైర్ల మాట ఈ రాత్రికే చెప్పేస్తాను.

ఒడ్డునే గారూ, మీ మాటలో నిజం ఉందని ఒప్పుకుంటూనే ఒక ఇబ్బంది చెప్పాలి. మా చిన్న పడవలు ఒక చోట వేట మానేసి కూర్చుంటే, రాత్రిపూట దీపాలార్పుకుని వచ్చే ట్రాలర్లు, అంటే అడుగు వెంట పెద్ద వల లాక్కుపోయే మర పడవలు, ఆ చోటునే ఊడ్చుకుపోతాయి. వారికి ఆ దూరంలో వేటాడే హక్కు లేదు, కానీ ఆపేవారూ లేరు. మేము ఆకలికి ఓర్చుకుని దాచింది వారి వలలో పడుతుందంటే మా వాళ్లను నేను ఏ ముఖంతో ఒప్పించను? నిజానికి కుర్రవాళ్లు దిమ్మెల మాట ఎత్తడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. అడుగున దిమ్మె ఉంటే ట్రాల్ వల చిరుగుతుందన్న భయమైనా ఉంటుందని వారి లెక్క.

రెండోవల

పడవలలెక్క గారూ, మీ కుర్రవాళ్ల లెక్క తప్పు కాదు. ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తనిది అదే. రీఫ్ చేపను పెంచుతుందా లేదా అన్నది ఎలా ఉన్నా, ట్రాలర్‌ను ఆపుతుంది. ఇటలీలో టస్కనీ ప్రాంతపు తలమోనె రేవులో పావొలో ఫాంచుల్లి అనే మత్స్యకారుడు సరిగ్గా మీ బాధతోనే పని మొదలుపెట్టారు. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపు ట్రాలింగ్ నిషేధమున్నా రాత్రిళ్లు అది సాగుతూనే ఉండేది, సముద్రపు గడ్డి మైదానాలు చిరిగిపోయేవి. ఆయన మొదట కాంక్రీటు దిమ్మెలు దింపించారు. తర్వాత కరారా గనుల పాలరాతిని విరాళంగా సంపాదించి, శిల్పులను ఒప్పించి, 2015 నుంచి చెక్కిన శిల్పాలనే సముద్రంలోకి దింపించారు. చూడడానికి వచ్చేవారు పెరగడం వల్ల ఆ చోటికి పదిమంది కళ్లు కాపలా అయ్యాయి కూడా. కాంబోడియాలోని కెప్ ద్వీపాల దగ్గర కూడా ట్రాలర్ వలలకు అడ్డుపడేలా కాంక్రీటు కట్టడాలు దించుతున్నారు. ఒడ్డునే గారు చెప్పిన నియమానికి కాపలాదారు లేనప్పుడు, దిమ్మెనే కాపలాదారు చేయడం అన్నమాట. అందుకోసమైతే దిమ్మెలను ఒకేచోట కుప్పగా పోయకుండా, మధ్యలో వల లాగడానికి వీలులేనంత దూరాల్లో చల్లినట్టు దించాలి.

ఇక మా కథ చెబుతాను. మేము పదిహేను పడవల వాళ్లం కలిసి కొన్నేళ్ల కిందట ఒక రీఫ్ దించాం. ఎవరు ఎప్పుడు పట్టాలన్నది తర్వాత చూసుకుందాం, ముందు చేప రానివ్వండి అన్నాం. చేప వచ్చింది. మొదటి ఏడు మా ఇళ్లలో నవ్వులే. ఆ స్థలం జీపీఎస్ అంకెలు మాలో మాకే తెలుసు అనుకున్నాం, కానీ ఫోన్‌లో ఉన్న అంకె ఎంతకాలం దాగుతుంది? రెండో ఏటికి ముప్ఫై నలభై పడవలు. అప్పుడు నియమం పెడదామని కూర్చుంటే, అప్పటికే లాభం రుచి చూసినవాడు ఎవడూ ఒప్పుకోలేదు, నాతో సహా. పోటీలో దిమ్మెల మీదకే వలలు వేశారు, అవి చిక్కుకున్నాయి, కోసి వదిలేశారు. వదిలేసిన నైలాన్ వల నీటి కింద కుళ్లదు, మనిషి లేకుండానే చేపను పడుతూనే ఉంటుంది. మూడో ఏట మా మేనల్లుడు మునిగి చూసి, దిమ్మెల చుట్టూ వలల ముసుగు, అందులో ఎముకల గూళ్లు ఉన్నాయని చెప్పాడు. ఆ వలలు తీయడానికి మాకు పట్టిన రోజులు దిమ్మెలు పోయడానికి పట్టినవాటి కంటే ఎక్కువ.

కాబట్టి మొదటి అచ్చు పోయక ముందే కాగితం మీద రాసుకోండి. రీఫ్ మీదకు వల వేయకూడదు, గాలం మాత్రమే. ఎవరి వంతు ఏ రోజు. మొదటి రెండు మూడేళ్లు అసలు ముట్టకూడదన్న షరతు పెట్టగలిగితే మరీ మంచిది. వంతుల గొడవ తెగదనుకుంటే, టర్కీలోని అలన్యాలో చిన్న పడవల వారు 1970 దశకంలో తమంతట తాము కుదుర్చుకున్న పద్ధతి చూడండి. ఆర్థికశాస్త్రంలో 2009లో నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ దీనిని వివరించడంతో లోకానికి బాగా తెలిసింది. ఏటా సెప్టెంబరులో వేట స్థలాల జాబితా రాసి, చీటీలు తీసి, ఎవరికి ఏ స్థలమో తేల్చేవారు. జనవరి దాకా రోజుకొక స్థలం చొప్పున అందరూ తూర్పుకు జరిగేవారు, ఆ తర్వాత మే దాకా పడమరకు. మంచి స్థలం అందరికీ వచ్చేది, తన వంతు రోజున అక్కడ ఇంకొకడు కనబడితే ఊరుకునేవాడు ఉండేవాడు కాదు. వేరే కాపలా అక్కర్లేకపోయేది.

ఉప్పునీరు

రెండోవల గారు రాసింది చదివాక నేను మొదట చెప్పిన శాస్త్రం కొంచెం పేలవంగా అనిపిస్తోంది. పడవలలెక్క గారు అడిగిన మూడో ప్రశ్న మిగిలిపోయింది కనుక దానికి జవాబు రాస్తాను. పనిచేస్తోందో లేదో తెలుసుకునే పరికరం మీ చేతిలోనే ఉంది, అది మీ జమాఖర్చుల పుస్తకం.

ఎన్ని కిలోలు వచ్చాయన్నది ఒక్కటే రాస్తే చాలదు. ఎన్ని పడవలు, ఎన్ని గంటలు, ఎన్ని గాలాలు వేస్తే వచ్చిందో కూడా రాయండి. గంటకు ఒక గాలానికి పడే చేపే అసలు కొలత. ప్రతి పడవ నుంచి కొన్ని చేపల పొడవు కొలిచి నమోదు చేయండి. ఈ లెక్క రీఫ్ దించాక మొదలుపెడితే ప్రయోజనం ఉండదు, కనీసం ఏడాది ముందు నుంచి ఉండాలి. ఒక్క రీఫ్ స్థలానికే కాదు, చుట్టుపక్కల సహజమైన రాళ్లకు, రీఫ్‌కు బాగా దూరంగా ఉన్న మరో చోటుకు కూడా విడివిడిగా ఉండాలి. రీఫ్ దగ్గర వేట పెరిగి, చుట్టుపక్కల రాళ్ల దగ్గర అదే మేరకు తగ్గితే, మీ పెద్దాయన గెలిచినట్టు. రీఫ్ దగ్గర పెరిగి, పక్కన తగ్గకుండా, దూరపు చోటు ఎప్పటిలాగే ఉండి, ఏటేటా చిన్న పిల్లల నుంచి పెద్ద చేపల దాకా అన్ని పొడవులూ కనబడుతుంటే, మీ కుర్రవాళ్లు గెలిచినట్టు. దూరపు చోటు ఎందుకంటే, కొన్ని ఏళ్లు సముద్రం అంతటా చేప బాగా ఉంటుంది, ఆ ఘనత దిమ్మెలకు కట్టబెట్టకూడదు.

మునిగి చూడగలిగినవారు ఉంటే రెండు నెలలకొకసారి రీఫ్ మీద వేలెడు పిల్లలను మాత్రం లెక్కపెట్టమనండి. పెద్ద చేప ఎక్కడి నుంచైనా రావచ్చు. వేలెడు పిల్ల అక్కడే దిగి ఉంటుంది.

పడవలలెక్క

ఈ పేజీ మొత్తం నిన్న సమావేశంలో చదివి వినిపించాను. రెండోవల గారి మూడో ఏడు కథ దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన, చీటీల పద్ధతి తమ చిన్నతనంలో ఒడ్డున వల లాగే వంతులకు ఉండేదని గుర్తుచేశారు. ఏడాదిపాటు మూడు చోట్ల లెక్క రాయాలని, ఈ ఏడాదిలోనే వంతుల కాగితం మీద అందరి సంతకాలు తీసుకోవాలని, అవి రెండూ పూర్తి కాకుండా అచ్చులు కొట్టించకూడదని తీర్మానించాం. ముగ్గురు మాత్రం సంతకం పెట్టబోమన్నారు. వారితో ఇంకా మాట్లాడుతున్నాం.

అచ్చుపోత గారూ, ఆ సమయం వచ్చినప్పుడు మొదటి విడతలో ఎన్ని దిమ్మెలు దించమంటారు?

అచ్చుపోత

ఐదారుకు మించి వద్దు. ఈ ఏడాది ఎలాగూ లెక్కలకే పోతుంది కనుక, అనుమతి దొరికితే, మీరు అనుకున్న రెండు మూడు చోట్లా రెండేసి దిమ్మెలు పరీక్షకు దించి వదిలేయండి. దించేటప్పుడు ప్రతి దిమ్మె పక్కకూ కొలత గీతలు గీయండి. ఒక తుపాను కాలం గడిచాక మునిగి, ఏ గీత దాకా ఇసుకలో దిగిందో, ఏ వైపు ఒరిగిందో, అసలు పెట్టిన చోటే ఉందో లేదో చూసి రాయండి. ఎక్కడ రెండు గీతలకు మించి దిగిందో ఆ చోటు వదిలేద్దాం. సంతకం పెట్టని ఆ ముగ్గురినీ వీలైతే ఆ రోజు పడవలో తీసుకెళ్లండి.